కన్వర్టబుల్ రూఫ్ కిర్రుమంటోంది, సగంలో ఆగుతోంది: ఏ నూనె వెయ్యాలి?

తమ్ముడూ, మీ ప్రశ్న నాకు అర్థమైంది ఇదీ. బెంగళూరులో 2013 మోడల్ మినీ కూపర్ కన్వర్టబుల్ (గుడ్డ రూఫ్ వెనక్కి మడిచే కారు) సెకండ్ హ్యాండ్‌లో కొని తిరుపతికి తెచ్చుకున్నారు. గుంతలో పడినప్పుడల్లా రూఫ్ కిర్రుకిర్రుమంటోంది. ఈ మధ్య రెండుసార్లు తెరుస్తుంటే సగంలో ఆగిపోయింది. ఇంటి పక్క మెకానిక్ "కీళ్లన్నిటికీ డబ్ల్యూడీ-40 కొట్టేయ్, సర్దుకుంటుంది" అన్నాడు. కొట్టొచ్చా, వద్దంటే ఏం వెయ్యాలి అని అడుగుతున్నారు.

సూటిగా చెప్తా. కొట్టొద్దు. మీరు చెప్పినవి రెండూ వేర్వేరు జబ్బులు. కిర్రు శబ్దం చాలావరకు ఎండిపోయిన బీడింగ్ రబ్బరుది. దానికి నూనె వద్దు. సబ్బునీళ్లతో తుడిచి, సిలికాన్‌తో చేసిన రబ్బరు కేర్ పల్చగా పూస్తే చాలు. సగంలో ఆగడం బ్యాటరీ వల్లో, స్విచ్చుల వల్లో, రూఫును కదిలించే లోపలి హైడ్రాలిక్ ఆయిల్ వల్లో అయివుంటుంది, దానికి పైన ఏం పూసినా ప్రయోజనం లేదు. మీరు అడగనిది ఇంకోటి ఉంది, అదే అన్నిటికన్నా ముందు చూసుకోవాల్సింది: రూఫ్ మీద పడిన నీళ్లు కిందికి పోయే డ్రెయిన్ గొట్టాలు. దాని గురించి కింద వివరంగా రాస్తా.

నా గురించి రెండు ముక్కలు. చెన్నైలో ఇంపోర్టెడ్ బండ్ల షెడ్డులో ఆరేళ్లు, ఆ తర్వాత ఇక్కడ ఆటోనగర్‌లో ఇరవై రెండేళ్లు పని. తిరుపతిలో కన్వర్టబుళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మే నెల ఎండలో రూఫ్ తీసి తిరిగేవాళ్లు ఎవరుంటారు చెప్పండి? అందుకే వాటి రూఫులు ఎక్కువగా వాడి చెడిపోవు, వాడక చెడిపోతాయి.

డబ్ల్యూడీ-40 ఎందుకు వద్దంటున్నానంటే, అది పుట్టిందే తేమను తరమడానికి. 1953లో తయారైంది, పేరులోనే నీటిని తొలగించేదని, నలభయ్యో ఫార్ములా అని ఉంది. తుప్పు పట్టిన బోల్టు వదులు చెయ్యడానికి బంగారం లాంటిది, నా షెడ్డులో ఎప్పుడూ ఒక డబ్బా ఉంటుంది. కానీ అది కొట్టిన కీలు కొన్నాళ్లే మెత్తగా ఆడుతుంది. సాల్వెంట్ ఎగిరిపోయాక మిగిలే పల్చటి నూనెపొర మీద రేణిగుంట రోడ్డు దుమ్మంతా వచ్చి కూర్చుంటుంది. నూనె, ఇసుక కలిస్తే ఏమవుతుందో మీకు తెలుసు కదా, సానపట్టే పొడి పూసినట్టే. మూడు నెలలకు అదే కీలు ఇంకా గట్టిగా అరుస్తుంది. మనం మళ్లీ కొడతాం.

రబ్బరుకు ఇంకో చిక్కు ఉంది. కారు బీడింగులు చాలావరకు ఈపీడీఎం అనే రబ్బరుతో చేస్తారు. ఎండకు, వానకు బాగా తట్టుకుంటుంది కానీ పెట్రోలియం నూనె తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది. డబ్ల్యూడీ-40, మామూలు గ్రీజు, ఇంజన్ ఆయిల్, చివరికి వాజలీన్ కూడా ఆ జాతివే. ఒకాయన ప్రేమకొద్దీ ప్రతి ఆదివారం కొబ్బరినూనె రాసేవాడు. రబ్బరు సంగతి అటుంచి, బండి నిండా చీమలు.

ఈ పాఠం నేను కూడా డబ్బు కట్టి నేర్చుకున్నదే. షెడ్డు పెట్టిన కొత్తలో పలమనేరు నుంచి ఒక పాత సాఫ్ట్‌టాప్, అంటే గుడ్డ రూఫ్ బండి, వచ్చింది. ఫ్రేము కీళ్లన్నిటికీ చక్రాల బేరింగులకు వేసే గ్రీజు వేలితో దండిగా దట్టించి, పని బ్రహ్మాండంగా చేశానని మురిసిపోయా. ఏప్రిల్ వచ్చేసరికి ఎండకు అది కరిగి, లోపలి లేత బూడిదరంగు గుడ్డ మీద చుక్కలు చుక్కలుగా దిగింది. పెట్రోలు, షాంపూ, ముగ్గుపిండి, చివరికి సుద్దపొడి అన్నీ ప్రయత్నించా. పోలేదు. లోపలి గుడ్డ మొత్తం నా ఖర్చుతో మార్పించాను. అప్పటినుంచి రూఫ్ కీళ్ల దగ్గరికి గ్రీజు డబ్బా తీసుకెళ్లను, ఇయర్‌బడ్ తీసుకెళ్తా.

ఇక పని ఎట్లా చెయ్యాలో చూద్దాం.

ముందు శబ్దం ఎక్కడిదో కనుక్కోండి. ఒకే గతుకుల రోడ్డు మీద రెండుసార్లు వెళ్లండి. మొదటిసారి అద్దాలు పూర్తిగా ఎత్తి, రెండోసారి నాలుగు వేళ్ల మందం దించి. రెండోసారి శబ్దం పోతే అది అద్దానికీ బీడింగుకీ మధ్య రాపిడి. పోకపోతే పక్కన కూర్చున్నవాళ్లను, ముందు అద్దం పైఅంచుకు రూఫ్ తగులుకునే చోట అరచేత్తో పైకి నొక్కి పట్టుకోమనండి. అప్పుడు ఆగితే ముందు కొక్కేలది. అప్పటికీ ఆగకపోతేనే వెనక కీళ్ల వైపు చూడాలి. నా దగ్గరికి కీళ్ల శబ్దమని వచ్చిన బండ్లలో ఎక్కువ భాగం బీడింగుల దగ్గరే తేలిపోయాయి.

బీడింగులకు: నీళ్లలో కాస్త కారు షాంపూ కలిపి, మెత్తటి నూలు గుడ్డ ముంచి పిండి, రబ్బరు పొడవునా తుడవండి. మడతల లోపల కూడా. మొదటిసారి గుడ్డ నల్లగా వస్తుంది, భయపడొద్దు. గుడ్డ శుభ్రంగా వచ్చేదాకా తుడిచి, నీడలో పూర్తిగా ఆరనివ్వండి. ఆ తర్వాత సిలికాన్ రబ్బరు కేర్, లేకపోతే గుమ్మీ ఫ్లేగే అని జర్మన్‌వాళ్ల స్టిక్ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, అది. పల్చగా పూసి పది పదిహేను నిమిషాలు ఆగి, మిగిలింది పొడిగుడ్డతో తుడిచెయ్యండి. తుడవడం మర్చిపోవద్దు. జిడ్డుగా వదిలేస్తే అద్దానికి అంటుకుని రాత్రిపూట ఎదురు బండి లైట్లకు ఏమీ కనపడదు. స్ప్రే అయితే నేరుగా కొట్టకుండా గుడ్డ మీద కొట్టుకుని పూయండి. సిలికాన్ తుంపర పైగుడ్డ మీద పడితే మరక పడుతుంది, ఆ తర్వాత వాటర్‌ప్రూఫ్ మందు వేసినా అక్కడ పట్టదు.

మన ఎండలకు ఇది మూడు నెలలకోసారి చెయ్యాలి. ఊటీలో ఉండేవాళ్లు ఏడాదికి రెండుసార్లు చేసుకున్నా సరిపోతుందేమో, మనకు సరిపోదు.

రబ్బరు బిగువు ఉందో లేదో చూడాలంటే, పేపరు ముక్క ఒకటి బీడింగుకూ అద్దానికీ మధ్య పెట్టి అద్దం ఎత్తండి. లాగితే కాస్త పట్టి రావాలి. ఊరికే జారి వచ్చేస్తే ఆ చోట రబ్బరు అణిగిపోయినట్టు. అణిగిపోయినదానికి ఏం పూసినా లేవదు, మార్చాల్సిందే.

కొక్కేలకు: ముందు అంచులో రూఫ్ తగులుకునే కొక్కేలు, వాటిపక్కన రూఫును సరిగ్గా కూర్చోబెట్టే కోసుగా ఉన్న పిన్నులు ఉంటాయి. పాత మురికి తుడిచేసి, తెల్ల లిథియం గ్రీజు బియ్యపుగింజంత రాయండి. బియ్యపుగింజంతే. కుంకుడుకాయంత కాదు.

కీళ్లకు: ఈ తరం ఫ్రేముల్లో చాలా కీళ్లకు నైలాన్ బుష్‌లో (రాపిడి తగ్గించే చిన్న గొట్టం ముక్కలు), టెఫ్లాన్ పొర ఉన్న బుష్‌లో ఉంటాయి. అవి జీవితాంతం పొడిగానే ఆడేలా చేసినవి. శబ్దం రాని కీలు జోలికి అసలు వెళ్లొద్దు. ఏదైనా ఒకటి నిజంగా మూలుగుతుంటే, బ్రష్‌తో దుమ్ము దులిపి, పీటీఎఫ్‌ఈ డ్రై లూబ్ (ఆరాక పొడి పొరగా మిగిలే టెఫ్లాన్ మందు) ఇయర్‌బడ్ మీద తీసుకుని కీలు సందులో తాకించండి. చుట్టుపక్కల గుడ్డకు పాత పేపరు అడ్డం పెట్టుకోండి. మీ బండికి రూఫ్ ముందుభాగం సన్‌రూఫ్ లాగా వెనక్కి జరుగుతుంది కదా, ఆ పట్టాల్లో దుమ్ము, ఎండిన ఆకు ముక్కలు చేరతాయి. వాటిని శుభ్రం చెయ్యండి, పాత గ్రీజు నల్లబడి గట్టిపడి ఉంటే తీసేసి, మాన్యువల్‌లో చెప్పిన గ్రీజే పల్చగా వెయ్యండి.

ఒక హెచ్చరిక. ఫ్రేములో చెయ్యి పెట్టేటప్పుడు కీ మీ జేబులో ఉండాలి, బండిలో పిల్లలు ఉండకూడదు. హైడ్రాలిక్ బలం ముందు మనిషి వేలు పచ్చి బెండకాయ. సగం తెరిచిన రూఫ్ కూడా ఒత్తిడి తగ్గితే నెమ్మదిగా కిందికి దిగుతుంది. అలా పెట్టి పని చెయ్యాల్సి వస్తే కింద కర్ర ఊతం పెట్టుకుని చెయ్యండి.

ఇక రెండో జబ్బు, సగంలో ఆగడం. ఎక్కడ ఆగుతోందో మీరు రాయలేదు. ముందుభాగం ఒక 40 సెంటీమీటర్లు వెనక్కి జరిగి ఆగుతోందంటే అసలు జబ్బే లేదు. అది సన్‌రూఫ్ మెట్టు. బటన్ వదిలి మళ్లీ నొక్కి పట్టుకోవాలి. సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్లకు అమ్మినవాళ్లు ఇవి చెప్పరు.

నిజంగానే గాల్లో ఆగిపోతోందంటే ఈ వరుసలో చూడండి. ఇంజన్ ఆన్‌లో పెట్టి తెరవండి. రూఫ్ మోటారు కరెంటు బాగా లాగుతుంది, బ్యాటరీ ముసలిదైతే ఓల్టేజీ పడిపోయి కంప్యూటరు ఆపేస్తుంది. మూడు నాలుగేళ్లు దాటిన బ్యాటరీ అయితే ముందు దాన్నే టెస్ట్ చేయించండి, ఇది చెయ్యకుండా పంపు (హైడ్రాలిక్ ఆయిల్‌ను తోసేది) మార్చడానికి ఒప్పుకోవద్దు. డిక్కీలో రూఫ్ మడతపడే జాగాకు అడ్డంగా ఉండే పలక దాని చోట సరిగ్గా ఉందా, కింద పెట్టిన బ్యాగు దాన్ని పైకి తోస్తోందా చూడండి. డిక్కీ పూర్తిగా మూసి ఉండాలి. బండి చదునైన చోట నిలిపి ఉండాలి. స్నేహితులకు చూపించాలని వరసగా నాలుగైదుసార్లు తెరిచి మూస్తే పంపు వేడెక్కి తనంతట తానే ఆగిపోతుంది. కాసేపు వదిలేస్తే మళ్లీ పనిచేస్తుంది. ఇది మే నెలలో మరీ ఎక్కువ.

ఇవన్నీ సరిగ్గా ఉండి, రూఫ్ ముక్కుతూ మూలుగుతూ కదులుతోందంటే హైడ్రాలిక్ ఆయిల్ మట్టం చూడాలి. ఎక్కడ చూడాలి, రూఫ్ తెరిచి చూడాలా మూసి చూడాలా అనేది బండిని బట్టి మారుతుంది, మాన్యువల్ ప్రకారం వెళ్లండి. ఆయిల్ తగ్గిందంటే ఎక్కడో కారుతోందని అర్థం. సిలిండరు చివర సీలు దగ్గర, గొట్టాల అతుకుల దగ్గర తెల్ల కాగితం అద్ది చూడండి. బ్రేక్ ఆయిల్ పోయొద్దు, పవర్ స్టీరింగ్ ఆయిల్ రంగు ఒకేలా ఉందని అదీ పోయొద్దు. సరిపడని ఆయిల్ పడితే లోపలి సీళ్లు ఉబ్బి, ఒక చుక్క కారేచోట నాలుగు చోట్ల కారుతుంది. సిలిండరు నుంచి బయటికి వచ్చే నిగనిగలాడే కడ్డీకి గ్రీజు పూసేవాళ్లున్నారు. అదీ వద్దు. కడ్డీకి అంటిన దుమ్ము సీలును కోసేస్తుంది. పొడి మెత్తగుడ్డతో తుడిచి వదిలెయ్యండి.

ఇప్పుడు మొదట చెప్పిన డ్రెయిన్ల సంగతి.

సాఫ్ట్‌టాప్ కార్లలో రూఫ్ వెనక అంచు చుట్టూ ఒక కాలువ ఉంటుంది. గుడ్డ మీంచి జారిన నీళ్లు అందులో చేరి, రెండు పక్కలా గొట్టాల గుండా బండి కిందికి పోతాయి. మన ఇళ్ల ముందు కానుగ చెట్టో వేపచెట్టో ఉంటుంది, నీడ కదా అని దాని కిందే పెడతాం. పూత, చిన్న ఆకులు, దుమ్ము ఆ కాలువలో చేరి, మొదటి వానకు పేడలాగా మారి గొట్టం మూతిని మూసేస్తాయి. తర్వాత పడే నీళ్లు బండిలోకే వస్తాయి. కొన్ని మోడళ్లలో రూఫ్ పంపు సరిగ్గా ఆ నీళ్లు చేరే పల్లంలోనే ఉంటుంది.

2021 నవంబరు వానలు గుర్తున్నాయా? తిరుపతి వీధులు ఏరులైన వారం. ఆ నెలాఖరుకు నా దగ్గరికి ఒక రెండు సీట్ల జర్మన్ బండి వచ్చింది. ఓనరు పెద్దాయన, బండి వరదలో తిరగలేదు, మిద్దె మీద ఎత్తైన పార్కింగులోనే ఉందని ప్రమాణం చేసి చెప్పాడు. నిజమే చెప్పాడు. పక్క చెట్టు ఆకులు పడి డ్రెయిన్ మూసుకుని, ఆకాశం నుంచి పడిన నీళ్లలోనే పంపు మునిగిపోయింది. గొట్టంలోంచి తీసిన చెత్త పిడికిలి నిండా కూడా లేదు. దానికి ఆయన పెట్టిన ఖర్చు చెప్తే మీకు ఈరోజు అన్నం సయించదు.

మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో. అందుకే సెప్టెంబరులో ఒకసారి, డిసెంబరు చివర ఒకసారి ఈ పని తప్పనిసరి. కాలువలో చెత్త చేత్తో ఏరెయ్యండి. గడ్డి కోసే మిషన్‌లో వాడే నైలాన్ తీగ చివర గుండ్రంగా చేసి, గొట్టంలోకి మెల్లగా పోనివ్వండి. ఇనుప తీగ వద్దు, గొట్టం చిల్లు పడుతుంది. పంక్చరు అంగట్లో గాలి కొట్టిస్తానంటారు, అది కూడా వద్దు. ఒత్తిడికి లోపల అతుకు ఊడిపోతే మీకు తెలియను కూడా తెలియదు. ఆ తర్వాత ఒక చెంబు నీళ్లు నెమ్మదిగా పోసి, బండి కింద ఎక్కడ పడుతున్నాయో వంగి చూడండి. ఎడమవైపు పోసిన చెంబు ఎడమవైపే పడాలి, పోసినంతా పడాలి.

గుడ్డ విషయం క్లుప్తంగా. వాటర్ సర్వీసుకు ఇస్తే ప్రెషర్ గన్ రూఫ్ మీద పెట్టనివ్వొద్దు, కుట్లు లేచిపోతాయి. అండర్‌బాడీకి డీజిలు, వేస్టాయిలు కలిపి కొట్టే అలవాటున్న చోటికి అసలు తీసుకెళ్లొద్దు, ఆ తుంపర రబ్బరు మీద, గుడ్డ మీద పడుతుంది. ఇంట్లోనే మెత్తటి బ్రష్, కారు షాంపూ, నీళ్లు. బట్టలసబ్బు పొడి, బ్లీచింగ్ వద్దు. మన బోరు నీళ్లలో సున్నం ఎక్కువ, ఎండలో కడిగితే తెల్లచారలు కడతాయి. కుళాయిలో కల్యాణి డ్యాం నీళ్లు వచ్చే వీధైతే అవి పట్టుకుని పొద్దున్నే కడగండి. ఆరాక గుడ్డ మీద నీళ్లు చిలకరించి చూడండి. తామరాకు మీద లాగా ముత్యాల్లా జారితే ఏమీ అక్కర్లేదు. ఇంకిపోతుంటే ఫాబ్రిక్ గార్డ్ లాంటి వాటర్‌ప్రూఫ్ స్ప్రే వెయ్యాలి, అద్దాలకు, పెయింటుకు పేపరు కప్పి. తడి రూఫ్ మడవొద్దు. తప్పనిసరై మడిస్తే ఆ రోజే మళ్లీ మూసి ఆరబెట్టండి, లేకపోతే నల్లబూజు పడుతుంది, అది వదలదు. ప్లాస్టిక్ కారు కవరు కప్పినా అదే జరుగుతుంది.

కొండకు వెళ్లేటప్పుడు ఇంకో సంగతి. మొదటి ఘాట్ రోడ్డులో దిగుతూ రూఫ్ తెరుచుకుని చల్లగాలి తగలాలని అందరికీ ఉంటుంది, తప్పులేదు. కానీ తెరిచేది పైన చదునైన చోట నిలిపి తెరవండి, వాలులో వద్దు. అన్నిటికన్నా ముఖ్యం కోతులు. తిరుమలలో గానీ తలకోనలో గానీ సీటు మీద అరటిపండ్ల కవరు, ప్రసాదం సంచి వదిలి వెళ్లారో, గుడ్డ రూఫ్ వాటికి తలుపుతో సమానం. చిరిగిన రూఫుకు సీట్ల కుట్టుపనివాళ్లతో అతుకు వేయించొచ్చు, కానీ మడత పడేచోట చిరిగితే అతుకు నిలవదు. రూఫు లాగి ఫ్రేమే వంచేస్తే అసలు కష్టం. మనకు ఎముక విరిగితే పుత్తూరు కట్టు ఉంది, దీనికి లేదు.

థార్ సాఫ్ట్‌టాప్ ఉన్నవాళ్లు ఇక్కడ చాలామంది ఉంటారు కాబట్టి వాళ్లకో మాట. మీకు హైడ్రాలిక్ తలనొప్పి లేదు. జిప్పులకు నూనె వద్దు, కొవ్వొత్తి రుద్దండి, దుమ్ము పట్టదు. ప్లాస్టిక్ కిటికీలను పొడిగుడ్డతో తుడవొద్దు, ముందు నీళ్లు పోసి దుమ్ము పోనివ్వండి. ఇంటి అద్దాలకు కొట్టే అమ్మోనియా స్ప్రే కొడితే మసకబారతాయి. చుట్టి పెట్టేటప్పుడు మధ్యలో పాత నూలుపంచె పరవండి, లేకపోతే మన వేడికి ఒకదానికొకటి అంటుకుంటాయి.

తమ్ముడూ, మీరు ఇప్పుడు చెయ్యాల్సింది ఇంతే. ముందు డ్రెయిన్లలో చెంబు నీళ్లు పోసి చూడండి, తర్వాత బీడింగులు తుడవండి, ఆ తర్వాత బ్యాటరీ టెస్ట్. పదిహేను రోజులకోసారి పొద్దున పూట రూఫ్ ఒకసారి పూర్తిగా తెరిచి మూస్తూ ఉండండి, ఆయిల్ కదులుతుంది, సీళ్లు ఎండవు. ఇవి చేశాక కూడా ఆగుతుంటే, ఏ స్థానంలో ఆగింది, అప్పుడు పంపు శబ్దం వస్తోందా లేక నిశ్శబ్దంగా ఉందా అనేది ఇక్కడే రాయండి. పంపు తిరుగుతూ రూఫ్ కదలకపోతే ఆయిల్ వైపు వెతకాలి. పంపు అసలు పలకకపోతే మైక్రోస్విచ్చుల వైపు, అంటే రూఫ్ ఎక్కడుందో కంప్యూటరుకు చెప్పే చిన్న స్విచ్చుల వైపు వెతకాలి.